ఎంగిలి చెయ్యి

వెలుగు, రెండో రోజు

నా తర్వాత ఈ రేవుకి కబురుమనిషిగా వచ్చే పిల్లా, ఈ చిట్టా చదివేది నువ్వొక్కదానివే. అందుకని మొహమాటాలేమీ పెట్టుకోకుండా రాస్తాను.

ఇవాళ మూడు కబుర్లు మోశాను. గోడ అవతలి మగమనిషి గురకకి మా గిన్నెలు కదులుతున్నాయని ఒకటి. పెళ్లిచూపుల్లో మీ అబ్బాయి తల ఎత్తనే లేదు, మెడ బాగానే ఉందా అని ఇంకొకటి. మూడోది, గాలి గొట్టం దగ్గర సన్నగా ఈల వినబడుతోందని. ఆ మూడోదానికి మాత్రం పరుగెత్తాను. చంద్రుడి మీద పరుగంటే ఎగిరి ఎగిరి పడటమే కదా, నలభై దాటిన దాన్ని, చూసినవాళ్లు నవ్వుకునే ఉంటారు. నవ్వుకోనీ. గొట్టం బిగించారు, అదే పదివేలు.

మన పద్ధతి నీకు తెలిసిందే. అయినా పైడమ్మ సంగతి రాసేముందు ఒకసారి నాకు నేను చెప్పుకుంటాను. రేవంతటికీ మాట్లాడుకునే తీగ ఒక్కటే. అందులో ఒకరు దగ్గితే ఊరంతా వింటుంది. అందుకే గుట్టుగా చెప్పాల్సినవన్నీ మన కాళ్ల మీద నడుస్తాయి. కబురిచ్చేవాళ్లు తమ వంటలోంచి ఒక ముద్ద కలిపి మన కుడిచేతిలో పెడతారు. అది తిని, చెయ్యి కడుక్కోకుండా, మధ్యలో ఇంకేదీ ముట్టకుండా పోయి కబురు అప్పజెబుతాం. అందుకున్నవాళ్లు మొహం పక్కకి తిప్పుకుని మన ఎంగిలి చేతి మీద నీళ్లు పోస్తారు. ఆ నీళ్లతోపాటే ఇచ్చినవాళ్ల పేరు కూడా పోవాలి. ఫలానావాళ్లు అని అనకూడదు. ఫలానావాళ్లు కాదు అని కూడా అనకూడదు.

సాయంత్రం పైడమ్మ వంటగదికి వెళ్లి గోంగూర మొక్కకి నీళ్లు పోశాను. ఇంత పెద్ద రేవులో గోంగూర ఉన్నది ఆ ఒక్క కుండీలోనే. ఇప్పుడు దానికి ఆకన్నది లేదు, ఎర్రటి కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. మనిషి లేని ఆ వంటగది చూసి ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

వెలుగు, నాలుగో రోజు

కాపుదల గదికి అన్నం తీసుకెళ్లాను. పైడమ్మని అక్కడే పెట్టారు.

ఆమెది మూడో అంతస్తులో మెస్సు. అరవై దాటింది. మా అమ్మ పోయాక నాకు కడుపు నిండింది ఆమె చేతి అన్నంతోనే. ఇప్పుడు నా చేతి అన్నం ఆమె తినాల్సి వచ్చింది.

"ఒలే నూకా, ఈ పప్పు ఎవుర్తి ఒండింది?" అంది మొదటి ముద్దకే.

"నేనే."

"అదీ సంగతి. పప్పుకి తెలీకుండా ఉప్పేసినట్టున్నావు."

"జైల్లో ఉండి కూడా వంకలేనా?"

"జైల్లో ఇంకేటి పనుంది సెప్పు."

నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె చేసిన తప్పు చిన్నది కాదు. 'బరువు' అనే మందు మోసింది. చిటికెడు నాలుక మీద వేసుకుంటే ఒంటికి భూమి మీది బరువు వచ్చినట్టుంటుంది. భూమిని ఎన్నడూ తొక్కనివాళ్లకి కూడా, ఎవరో గట్టిగా కావలించుకుని పడుకోబెట్టినట్టుంటుందట. పైడమ్మ మొదట దాన్ని తెచ్చింది మొగుడి కోసం. భూమి మీద పుట్టిన మనిషి అప్పన్న, పోయే రోజున "నేల మీద తొంగున్నట్టుందే" అంటూ నవ్వు మొహంతో పోయాడు. ఆ తర్వాత సామాన్ల గోదాము చూసే కృపారావు ఆమె దగ్గరికొచ్చి, అలాంటి ముసలాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కదమ్మా అన్నాడు. ఈమె పుణ్యమే అనుకుని అన్నం డబ్బాల అడుగున పెట్టి మోసింది. ముసలాళ్లతో మొదలైంది కుర్రాళ్లదాకా పోయింది. గొట్టాల పని చేసే ఎర్రినాయుడు ఒకరోజు వేసుకుని పడుకున్నాడు. లేవాలనిపించలేదు. గాలి తొడుగు మార్చుకునే వేళ దాటిపోయినా లేవలేదు, ఊపిరాడక అలాగే పోయాడు. పెళ్లి కావాల్సిన పిల్లాడు.

నేరం పైడమ్మ మొదటి రోజే ఒప్పేసుకుంది. ఇక మిగిలింది శిక్ష. ఏడేళ్లు వెనకవైపు గనుల్లో అంటున్నారు. ఆ వైపు నుంచి భూమి కనబడదు. ఆమె వంటగది కిటికీలో భూమి ఎప్పుడూ ఒకేచోట వేలాడుతూ ఉంటుంది. దాన్ని చూసుకుంటూనే రోజూ బియ్యం కడిగేది. ఏడేళ్ల తర్వాత ఆమె తిరిగి వస్తుందని నేను అనుకోవడం లేదు.

కాపుదలవాళ్లకి సాయపడి అసలువాళ్లని పట్టించినవాళ్లకి శిక్ష తగ్గుతుంది. పట్టుబడ్డాక కృపారావు చేసిన మొదటి పని పైడమ్మ పేరు చెప్పడం. దాన్ని సహకారమని రాసుకుని ఆయనకి తగ్గించబోతున్నారు. పైడమ్మ మాత్రం, అంతకుముందే కృపారావు దొంగచాటుగా పెంచే మందు మొక్కల తోట సంగతి చెప్పింది నేనే, నూకరత్నం చేత కబురంపాను అంటోంది. కాపుదల అధికారి తవిటినాయుడేమో, ఆమె తనకేమీ చెప్పలేదంటున్నాడు.

అవునా కాదా అని నేను బయట అనకూడదు. నీకు మాత్రం రాస్తున్నాను. అవును.

"నామీద కోపంగా ఉందా?" అని అడిగాను డబ్బా సర్దుకుంటూ.

"నీ నోరు కట్టేసి ఉంది. నాకు తెల్దేటే? నువ్వు అనలేవనే కదా నీకిచ్చాను." డబ్బా మూత నా చేతికిచ్చి అడిగింది, "మొక్కకి నీల్లు పోస్తన్నావా?"

"పోస్తున్నాను."

"సిగుర్లేటైనా ఏసిందా?"

"ఇంకా లేదు."

"ఏస్తాది లే. అది మొండిది."

వెలుగు, ఏడో రోజు

ఇవాళ విచారణ. భోజనశాల బల్లలు పక్కకి జరిపి కోర్టు చేశారు. న్యాయాధికారిణి అన్నపూర్ణేశ్వరి గారు, ఒక సర్కారు వకీలు, తవిటినాయుడు, వెనక బల్ల మీద ఎర్రినాయుడి తల్లి. మిగతా ఊరంతా గోడలకి ఆనుకుని నిలబడింది.

తవిటినాయుడు ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. "పైడమ్మగారు నాకు ఏమీ చెప్పలేదు. సోదాకి ముందు రోజు ఒక కబురు వచ్చిన మాట నిజం. మూడో నీళ్ల తొట్టి వెనక మందు మొక్కలు పెంచుతున్నారని, పెంచేది కృపారావని. అది ఎవరు పంపారో నాకు తెలియదు. తెలుసుకోకూడదు కూడా. అందుకే పద్ధతి ప్రకారం నా సొంత సోదా అని రాశాను."

వకీలు కుర్రవాడే, మాట మాత్రం పదును. "ఎవరిదో తెలియని కబురు ఎవరైనా తమదే అనొచ్చు. కృపారావు ఈవిడ పేరు బయటపెట్టాకే ఈవిడకి ఆ కబురు గుర్తొచ్చింది. అంతే," అన్నాడు.

న్యాయాధికారిణి నావైపు తిరిగారు. "నూకరత్నం గారూ, ఈవిడ మీకు కబురిచ్చారా లేదా?"

"చెప్పలేనండి."

"నిజమైతే చెప్పడానికేం?" అన్నాడు వకీలు.

నాకు ఒళ్లు మండింది. "ఇవాళ ఒకరికి అవునంటే, రేపు ఇంకొకరికి నోరు మూసుకుంటే అది కాదన్నట్టే కదా బాబూ. అప్పుడు నా చేతిలో ముద్ద పెట్టేదెవరు?" అన్నాను.

బోడెమ్మ సంగతి నీకు తెలియాలి. నాకు ముందు కబురుమనిషి ఆమె. ఒకసారి సరదాకి ఒక పేరు అనేసింది, పెద్ద విషయం కూడా కాదు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ ఆమెకి ముద్ద పెట్టలేదు. రెండో అంతస్తు గోడకి బీటలు పడ్డ సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు, ఎందుకొచ్చిన గొడవని ఊరుకున్నారు. ఆ గోడ విరిగినప్పుడు పోయినవాళ్లలో మా అమ్మ ఉంది. ఈ పని నేను ఒప్పుకున్నది అందుకే.

ఆఖర్న పైడమ్మని ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. లేచి నిలబడింది.

"తప్పు సేసాను తల్లీ. ఆ పిల్లోడు నా డబ్బాలోది తినే పోయాడు. సిచ్చ ఎయ్యండి, నాను కాదన్ను. కానీ సెప్పానన్నది కూడా నిజమే. రెండూ రాసుకోండి. ఒకటే రాసుకుంటే ఎలాగ?"

ఎర్రినాయుడి తల్లి తల వంచుకునే ఉంది. తీర్పుకి వాయిదా వేశారు. వెనకవైపుకి వెళ్లే బండి చీకటి పడేలోపు బయల్దేరుతుంది.

వెలుగు, ఎనిమిదో రోజు

ఆ రోజు సంగతి రాసేస్తాను, లేకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఎర్రినాయుడిని సాగనంపిన మర్నాడు పైడమ్మ వంటగదికి వెళ్లాను. గాలిపంకా పెద్దగా పెట్టి ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని గోంగూర నూరుతోంది. కుండీ వైపు చూస్తే మొక్క బోసిగా ఉంది, లేత ఆకు కూడా మిగల్చలేదు.

గోంగూర ఆమె ఎవరికీ పెట్టదు. నీకు నవ్వొస్తుందేమో గానీ, ఊళ్లో దానిమీద పెద్ద రభసే ఉంది. ఏడాదికోసారి అప్పన్న పోయిన రోజున నాలుగు ఆకులు తుంచి ఆయన పేర పెట్టి, తానొక్కతే తింటుంది. అలాంటిది మొక్కంతా దూసేసింది.

"ఎందుకిదంతా కోసేశావు?" అన్నాను.

"ఎల్లిపోయేదానికి మొక్కెందుకే," అంది. వేడన్నంలో పచ్చడి వేసి, వెల్లుల్లి చిదిమి, ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది. అప్పుడు నాకర్థమైంది, అది భోజనం కాదు, కబురు అని. తొట్టి సంగతి చెప్పింది. కృపారావు పేరు చెప్పింది. "ఆడు దొరికితే నన్నూ సెప్తాడు. సెప్పనీ. ఇంకో గుంటడు పోకుండా ఉంటే సాలు," అంది.

ఆ ముద్ద ఎలా ఉందంటే, పులుపు చెవులదాకా పాకింది. ఏడుస్తూ తిన్నాను. ఏడుపు కారం వల్ల అని ఆమెకి చెప్పాను, ఆమె నమ్మినట్టు నటించింది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఐదు అంతస్తులు ఎక్కి తవిటినాయుడి దగ్గరికి వెళ్లాను. ఆయన మొహం తిప్పుకుని నీళ్లు పోశాడు. ఇక్కడి నీళ్లు నింపాదిగా, లావు లావు బొట్లుగా దిగుతాయి కదా. అవి నా వేళ్లమీంచి జారుతుంటే, ఈ పేరు ఇక్కడితో పోయింది అనుకున్నాను.

వెలుగు, పదకొండో రోజు

తీర్పు రేపు. ఇవాళ కబుర్లేమీ తీసుకోలేదు.

నేను చెప్పేస్తాను. నిర్ణయించుకున్నాను. కబురుమనిషికి గుర్తుగా వేసుకునే ఈ ఎర్ర తువ్వాలు భుజం మీంచి తీసి న్యాయాధికారిణి బల్ల మీద పెట్టి, ఇక నేను కబురుమనిషిని కాదు, అవును, ఆమే ఇచ్చింది అంటాను. ఊరు నన్ను తిట్టుకుంటుంది. తిట్టుకోవడం వరకైతే ఫరవాలేదు. రేపు ఏ గోడకి బీట పడుతుందో, ఎవరు చూసీ ఊరుకుంటారో అన్నదే భయం. మా అమ్మ ఉంటే ఏమనేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

కానీ ఆ కిటికీ లేనిచోట ఆ మనిషి ఏడేళ్లు ఉండటం నేను భరించలేను. నాకు ఇద్దరు తల్లులు. ఒకరిని నోరు మూసుకున్నవాళ్లు చంపారు. రెండోదాన్ని నేనే నోరు మూసుకుని చంపలేను.

నువ్వు నా తర్వాత వస్తావో రావో ఇక నాకు తెలియదు. ఒకవేళ వస్తే నన్ను క్షమించు పిల్లా. మొక్కకి మాత్రం నీళ్లు పొయ్యి.

వెలుగు, పన్నెండో రోజు

కోర్టు నుంచి రాగానే గబగబా రాస్తున్నాను, రాత వంకరగా ఉంటే సర్దుకో.

పొద్దున తువ్వాలు మడిచి చేత్తో పట్టుకుని కోర్టుకి వెళ్లాను. భుజం చలిగా అనిపించింది. పైడమ్మని తీసుకొచ్చి నిలబెట్టారు. ఆమె మొదట నా మొహం చూసింది. తర్వాత నా భుజం చూసింది. తర్వాత నా చేతిలో మడత చూసింది.

నేను లేచేలోపే ఆమె గట్టిగా అంది. "నూకా, కూకో."

"కూర్చోను. చెప్పాల్సింది ఉంది."

"నీకేటీ లేదు. కూకోమన్నానా! తల్లీ," న్యాయాధికారిణి వైపు తిరిగింది, "నాకు నాయుడిబాబుని ఒక్క మాట అడగాలనుంది."

అడగమన్నారు. నేను కూర్చున్నాను.

"బాబూ, కబురొచ్చిన రోజున ఈ గుంట సేతిమీద నీల్లు పోసింది నువ్వే కదా?"

"అవునమ్మా," అన్నాడు తవిటినాయుడు.

"మొగం తిప్పుకున్నావా?"

"తిప్పుకున్నానమ్మా. పద్ధతి కదా."

"మంచిది. మొగం తిప్పుకున్నావు సరే, ముక్కెక్కడ పెట్టుకున్నావు?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆ సోదాకి పైవాళ్లు తవిటినాయుడిని మెచ్చుకుని భుజం మీద ఇంకో పట్టీ వేశారు. ఆ పట్టీని ఒకసారి వేళ్లతో తడుముకున్నాడు.

"ఏటి వాసనొచ్చింది బాబూ?" అంది పైడమ్మ, పిల్లాడిని అన్నం తిన్నావా అని అడిగినట్టు.

కాపుదల ఉద్యోగంలో చేరినప్పటినుంచి అచ్చు కాయితంలా మాట్లాడే మనిషి. ఆ మాట మాత్రం వాళ్లమ్మ భాషలోనే వచ్చింది. "గోంగూర. ఎల్లుల్లి కూడా. ఆ పూట నాకు మా అమ్మ గుర్తొచ్చి కూడు సయించనేదు."

ఊరంతా ఒక్కసారి గుసగుసలాడింది. వకీలు లేచాడు. "ఈమె రోజూ ఆ మెస్సులోనే తింటుంది. చేతికి వాసన ఉండటంలో వింతేముంది?"

"తిన్నపూట సెయ్యి కడుక్కుంటాది బాబూ," అంది పైడమ్మ. "కడుక్కోని సెయ్యి కబురుతోనే వొస్తాది. ముద్ద తిన్నాక ఇంకోటి ముట్టదు కూడానూ. ఇంక గోంగూరంటావా, నా మెస్సులో నీకెప్పుడైనా ఒడ్డించానా?"

"లేదు," అన్నాడు వకీలు.

"నాకూ ఎప్పుడూ వడ్డించలేదు," అన్నారు న్యాయాధికారిణి. ఆ గొంతులో ఎన్నాళ్లదో నిష్ఠూరం వినబడింది. ఈసారి మాత్రం ఊరు నవ్వేసింది.

ఆమె వంటగది నుంచి కుండీ తెప్పించి చూశారు. అంతా దూసిన మొక్క. ఈమధ్యనే వేసిన చిగుళ్లు రెండో మూడో, గోరంత. నేను నిన్న చూసినప్పుడు అవి లేవు, లేదా నేనే సరిగా చూడలేదు.

తీర్పు రాసుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. కబురు పైడమ్మదేనని నమ్ముతున్నామన్నారు. కృపారావు ఆమె పేరు చెప్పడం, ఆమె ముందే ఇచ్చిన కబురు వల్లనే జరిగింది కాబట్టి అతనికి తగ్గింపు లేదన్నారు. పైడమ్మకి మూడేళ్లు. వెనకవైపు కాదు, ఇక్కడే, కాపుదలలో, రేవు వంటకి. అన్నం డబ్బా మాత్రం ఆమె చేత్తో గడప దాటకూడదు.

పైడమ్మ వెనక బల్ల వైపు తిరిగి ఎర్రినాయుడి తల్లికి చేతులు జోడించింది. ఆ తల్లి చేతులు జోడించలేదు. కానీ మొహం తిప్పుకోలేదు.

బయటికొచ్చాక ఒంటరిగా దొరికితే నిలదీశాను. "ఈ మాట మొదటి రోజే అడగొచ్చు కదా? ఇన్నాళ్లూ నన్ను చంపావు!"

"నాకు తోచలేదే. నీ బుజం బోసిగా కనపడీసరికి బుర్ర కదిలింది," అంది. నా చేతిలో తువ్వాలు లాక్కుని దులిపి, తనే నా భుజం మీద వేసింది. "ఇది తీసేస్తావేటి, ఎర్రిమొగవా. రేపు గోడ పగిలితే ఎవులికి సెప్పుకోవాలి?"

చీకటి, మొదటి రోజు

సూర్యుడు దిగిపోయాడు. కిటికీలో భూమి మాత్రం నీలంగా వెలుగుతోంది.

ఇవాళ కబుర్లు ఎక్కువే వచ్చాయి. గురక మనిషి ఇంటినుంచి జవాబు కూడా వచ్చింది. అది రాయను, నువ్వు చిన్నదానివి.

పని ముగించుకుని మూడో అంతస్తుకి వెళ్లాను. గుమ్మంలో కాపలా మనిషి, లోపల పైడమ్మ, పొయ్యిమీద అన్నం. రోట్లో ఏదో నూరుతోంది. వాసన తలుపు దగ్గరే తగిలింది.

"చిగుళ్లు కోసేశావా? అవి ఇంకా పసివి!"

"మల్లీ ఏస్తాది. మొండిదని సెప్పలేదేటి."

వేడన్నంలో కలిపి, ముద్ద చేసి, నా కుడిచేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ, మాట బయటికి పోకుండా పంకా పెద్దది చేసి, దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాను. "ఎవరికి?"

"ఎవులికీ లేదే," అంది. "ఊరికే తిను."

తిన్నాను. పులుపు చెవులదాకా పాకింది. నీళ్లు కూడా ఆమే పోసింది, మొహం తిప్పుకోకుండా.